పాలు వాళ్ళకి, మాత్రలు మనకీ!

ఈ మధ్య మన ఆడవాళ్ళు నలుగురు కలిస్తే చీరల సంగతి వెనక్కి పోయి కాల్షియం సంగతి ముందుకొస్తోంది. "మీరేది వాడుతున్నారండీ?" "మా అమ్మాయి అమెరికా నించి పంపిందండీ, పగడాలతో చేసిందట." "నాకు ఆల్చిప్పలతో చేసిందే పడుతుంది." కాప్రాలో గానీ, సైనిక్‌పురిలో గానీ, ఎ.ఎస్. రావు నగర్‌లో గానీ ఏ మందుల షాపుకి వెళ్ళినా ఒక అర నిండా ఈ సీసాలే. సీసా మీద బొమ్మలో ఆవిడ నిటారుగా నిలబడి నవ్వుతూ ఉంటుంది. ఆవిడ జన్మలో బిందె ఎత్తిన మనిషిలా కనపడదు.

పగడమైనా, ఆల్చిప్ప అయినా లోపల ఉన్నది ప్రధానంగా ఒకటే, కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలో ఉన్నదీ అదే. దానికి సముద్రం పేరు పెట్టగానే ధర పెరుగుతుంది గాని ఎముకకి ఆ తేడా తెలియదు.

నా పోట్లాట మాత్రతో కాదు. అవసరమైన వాళ్ళకి అది మందే. డాక్టరు చూసి రాసిన మాత్రని ఈ వ్యాసం చదివి పారేయకండి సుమా! నా పోట్లాట "ఆడదానివి, నలభై దాటాయి, కనుక కొనుక్కో" అనే బేరంతో. ఆ బేరానికి హాయిగా తలూపే మన ఇళ్ళతో కూడాను.

మా వీధిలో ఒక అపార్టుమెంటు సెల్లారులో ఒక ఆదివారం ఉచితంగా ఎముకల పరీక్ష పెట్టారు. మడమని చిన్న యంత్రంలో పెట్టమంటారు. నిమిషంలో చీటీ వస్తుంది. నేను చూసిన చీటీలన్నిటి మీదా మైనస్సే! పక్క బల్ల మీద సీసాలు. మైనస్ చూసి బెంబేలెత్తిపోయిన వాళ్ళు రెండేసి సీసాలు పట్టుకెళ్ళారు. ఆ అంకె ఏమిటో అక్కడ ఎవరూ చెప్పలేదు. మన ఎముకని పడుచువాళ్ళ ఎముకతో పోల్చి చూసే లెక్క అది. పడుచుదనం దాటిన వాళ్ళకి మైనస్ రావడంలో వింతేముంది? మైనస్ 2.5కి గాని, ఇంకా కిందికి గాని దిగితేనే ఎముక గుల్లబారిందంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు 1994లో పెట్టిన కొలత అది. అదైనా తుంటికీ, నడుముకీ డెక్సా అనే ఎక్స్‌రే పరీక్ష చేసి తీసిన అంకెకే వర్తిస్తుంది. మడమ యంత్రం అనుమానం చెప్పగలదు గాని రోగానికి పేరు పెట్టలేదు.

ఇంకో తమాషా. ఇలాంటి సీసాని వెనక్కి తిప్పి చూడండి. ఆహార భద్రతా సంస్థ నియమాల ప్రకారం వాటి మీద 'మందుగా వాడటానికి కాదు' అని ఇంగ్లీషులో ముద్రించాలి. కాగితం మీద అలా రాసి, నోటితో మాత్రం మోకాళ్ళ నొప్పులు పోతాయంటారు! ఎముక గుల్లబారడం చాలామందిలో ఏ నొప్పీ లేకుండానే జరుగుతుంది. జారిపడి మణికట్టో తుంటో విరిగినప్పుడు గాని తెలియదు. మోకాలి నొప్పి ఎక్కువగా కీలు అరగడం వల్ల వస్తుంది. ఆ నొప్పికి కాల్షియం అమ్మడం పంటినొప్పికి తలనూనె అమ్మడం లాంటిదే.

మరి ఏది కొనాలీ అంటారా? ముందు ఎంత తింటున్నామో లెక్క చూడాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, 1958లో కూనూరు నించి హైదరాబాదు వచ్చిన సంస్థ, పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020లో చెప్పింది. అంతకుముందు 2010 లెక్కలో అది 600. ఇప్పుడు వంటింట్లోకి రండి. గ్లాసుడు గేదెపాలలో దాదాపు 240. పెద్ద కప్పు పెరుగులో సుమారు 180. ఏభై గ్రాముల రాగిపిండితో జావ కాస్తే ఇంకో 180. ఒక చిన్న కట్ట తోటకూరలో 240 దాకా. చెంచాడు నువ్వులపొడిలో 120, 130. కలిపి చూడండి, వెయ్యికి దగ్గరపడింది! ఆకుకూరల్లోది, గింజల్లోది అంతా ఒంటికి పట్టదనుకోండి, పాలకూరలోదైతే బొత్తిగా పట్టదు. అయినా సీసాలో నించి రావలసింది ఎంతో కొంత తెలిసిపోతుంది కదా. నాలుగు వందలు తగ్గితే నాలుగు వందలు. అంతేగాని పొద్దునొకటీ రాత్రొకటీ అని ఎవరో చెప్పారని మింగడం ఎందుకు?

మాత్ర మీద 1250 అని ఉంటే అది కార్బొనేట్ బరువు, అందులో కాల్షియం 500 మాత్రమే. సిట్రేట్ అయితే వెయ్యికి 210. కార్బొనేట్ అన్నం తిన్నాక వేసుకుంటేనే బాగా పడుతుంది. రోజూ ఎసిడిటీ మాత్ర మింగే వాళ్ళకి సిట్రేట్ నయం. ఒక్కసారికి 500 మించితే శరీరం సరిగ్గా పుచ్చుకోలేదు. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవాళ్ళు డాక్టరుని అడగకుండా ముట్టుకోకూడదు. ఇంతకు మించి 'బ్రాండు' రహస్యం ఏమీ లేదు. ఇక పాలల్లో కలుపుకుని తాగే డి విటమిన్ పొట్లం ఉంది చూశారూ, 60,000 యూనిట్లది, అది వారానికొకటి చొప్పున కొన్ని వారాలకి రాసేది. రుచిగా ఉందని రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకే చేటు తెస్తుంది.

"అయితే ఈ మాత్రలు దండగేనా?" అని కొందరడుగుతారు. అమెరికాలో 36,282 మంది ఆడవాళ్ళ మీద పరీక్ష చేసి 2006లో ఫలితం చెప్పారు. కాల్షియం, డి విటమిన్ వేసుకున్న వాళ్ళకి తుంటి ఎముక చిక్కదనం కాస్త పెరిగింది గాని, తుంటి విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మూత్రపిండాల్లో రాళ్ళు మాత్రం 17 శాతం ఎక్కువయ్యాయి. పాతికవేల పైచిలుకు మందితో చేసిన మరో పరీక్షలో, ఉత్త డి విటమిన్ వల్ల ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేల్చారు. కానీ తమాషా ఏమిటంటే, ఆ 2006 పరీక్షలో ఆడవాళ్ళకి అప్పటికే రోజుకి వెయ్యికి పైన కాల్షియం అందుతోంది. నిండిన కుండలో నీళ్ళు పోసి నిండలేదంటే ఎలా?

ఖాళీ కుండలు ఎక్కడున్నాయో తార్నాక వాళ్ళే చూపించారు. డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం ఈ హైదరాబాదులోనే పేద కుటుంబాల ఆడవాళ్ళని, ముప్ఫై నించి అరవై ఏళ్ళ మధ్యవాళ్ళని, 289 మందిని పరీక్షించి 2005లో ప్రకటించింది. వాళ్ళు తినే తిండిలో రోజుకి మూడు వందల మిల్లీగ్రాముల కాల్షియం కూడా లేదు. ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురికి తుంటి దగ్గర ఎముక గుల్లబారిపోయింది. ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తాలో ఎక్కితే ఒక్క బస్సు దూరంలో ఉన్న ఆ సంస్థ చెప్పిన ఈ మాట మన సెల్లారు శిబిరాలకి వినపడలేదు కాబోలు. ఫ్రిజ్‌లో రెండు పాల ప్యాకెట్లున్న ఇంటికే సీసాలు మోసుకొస్తారు.

మరి ఆ ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఏం జరుగుతోంది? పాలు పిల్లవాడి గ్లాసులోకి, ఇంటాయన కాఫీలోకి, మామగారి హార్లిక్స్‌లోకి పోతాయి. మీగడ పెరుగు మగవాళ్ళ విస్తట్లోకి పోతుంది. అడుగున మిగిలినదాన్ని నీళ్ళు పోసి చిలికి మజ్జిగన్నం తిని లేస్తాం. ఆ తరువాత అదే ఇంటాయన "నీ ఆరోగ్యం నాకు ముఖ్యం" అని ఎనిమిది వందలు పెట్టి సీసా తెచ్చిస్తే ఉప్పొంగిపోతాం. సీసా కొనడం సులువు కదండీ, రోజూ పెరుగు గిన్నె మన వైపు జరపడం కన్నా!

ఈ సంగతి గ్రహించే కాబోలు, మన రాష్ట్రంలో 2015లో ఆరోగ్యలక్ష్మి మొదలుపెట్టినప్పుడు గర్భిణులకీ బాలింతలకీ భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి ఇవ్వాలన్నారు. ఇంటికి పంపితే ఆ పాలు ఎవరి గ్లాసులోకి పోతాయో తెలియదూ!

మా ఇంట్లో పనిచేసే ఆవిడకి నలభై ఐదుంటాయేమో. రోజుకి ఐదిళ్ళు, నడుం పట్టుకుని మెట్లెక్కుతుంది. "మీ ఇంట్లో పాలు ఎంత తీసుకుంటారు?" అని మొన్న అడిగాను.

"అర లీటరమ్మా. పిల్లలకు ఓ గలాసు, ఆయనకు పెరుగుకు తీస్త, మిగిలినయి అందరికీ చాయ్‌లకు."

"మరి నీకు?"

"చాయ్ తాగుత గదమ్మా!" అంది.