మన పేరు మీద నరికిన మడ

ఆడవాళ్ళ పేరు మీద ఇంటిపట్టా అనేది మనం ఏళ్ళ తరబడి అడిగి సాధించుకున్న హక్కు. దాన్ని కాదనే ఉద్దేశం నాకు లేదు. కాని 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర పేదలకి ఇళ్ళ స్థలాల కోసమని మడ చెట్లు నరికి మట్టితో పూడ్చడం మొదలుపెట్టినప్పుడు, ఆ పట్టాలు స్త్రీల పేరనే ఇస్తామన్నప్పుడు, నేను పనిచేసే సంఘంతో సహా మనలో చాలామందిమి నోరు విప్పలేదు. విషయం హైకోర్టుకి, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. నేను మాత్రం చీపురుపల్లిలో కూర్చుని ఆ వార్త చదివి, "ఆడవాళ్ళకి ఒక సెంటు భూమి వస్తుంటే ఎన్ని అడ్డంకులో!" అనుకున్నాను. ఆ తప్పు ఒప్పుకుని మొదలుపెడుతున్నాను.

తుపాను వస్తే ముందు మునిగే చోట, మునక్కుండా కాచే చెట్టుని కొట్టేసి, అక్కడే ఆడదానికి ఇల్లు చూపించడం హక్కు ఎలా అవుతుంది? ఊళ్ళో మెరక భూములు లేవా? ఉన్నాయి. వాటికి యజమానులున్నారు. మడకి యజమాని లేడు. రెవెన్యూ పుస్తకంలో అది పోరంబోకు, చిత్తడి, బీల, తంపర. అంటే దేనికీ పనికిరానిది. ఈ మాట మనకి కొత్తది కాదు. తెల్లారి లేచింది మొదలు పడుకునే దాకా చేసే చాకిరీని "ఏం పని చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది" అని జనాభా లెక్కలో రాసినప్పుడు మనకెంత మండింది! మడ అడవి చేసే చాకిరీకీ అదే గతి పట్టింది. అది నిలబడి ఉన్నంతకాలం దేశ ఆదాయంలో ఒక్క పైసా కనబడదు. నరికి రొయ్యల చెరువు తవ్వితే ఆదాయం పెరిగిందంటారు. తర్వాత ఉప్పెన వస్తే సహాయక చర్యలకయ్యే ఖర్చు కూడా ఆ ఆదాయం లెక్కలోకే చేరుతుంది.

ఇంతకీ ఆ చాకిరీ ఏమిటి? సముద్రపు పోటు ఎక్కే బురదలో, వేళ్ళు పైకి పొడుచుకొచ్చి, కొమ్మలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండే అడవి మడ. ఉప్పెన నీరు దాని గుండా రావాలంటే అడుగడుగునా ఒరుసుకుంటూ రావాలి. వేగం తగ్గుతుంది, అల విరుగుతుంది. ఒక కిలోమీటరు వెడల్పు మడ ఉప్పెన నీటిమట్టాన్ని నాలుగు నుంచి యాభై సెంటీమీటర్ల దాకా తగ్గిస్తుందని వివిధ దేశాల్లో కొలిచి చూసినవారు చెబుతున్నారు. తక్కువే కదా అనిపించవచ్చు. గుమ్మంలోకి వచ్చిన నీటికీ, మంచం మీద పడుకోబెట్టిన పిల్లని అందుకున్న నీటికీ తేడా కూడా అంతే ఉంటుంది.

ఒరిస్సాలో 1999 అక్టోబరు 29న వచ్చిన సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మంది చనిపోయారు. సౌదామిని దాస్ అనే ఆర్థికశాస్త్రవేత్త, జెఫ్రీ విన్సెంట్‌తో కలిసి కేంద్రపాడా జిల్లాలో 409 గ్రామాల లెక్కలు తీసి 2009లో ప్రచురించారు. ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తగ్గాయి. ఆ మడ అసలు లేకపోయి ఉంటే తీరానికి పది కిలోమీటర్ల లోపు ఊళ్ళలో ఊరికి సగటున 1.72 మంది అదనంగా చనిపోయేవారని తేల్చారు. ముందస్తు హెచ్చరికలు ఇంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడాయని కూడా వారే నిజాయితీగా రాశారు. "చూశారా, రేడియో చాలు, అడవి ఎందుకు" అనేవారికి నా జవాబు ఒకటే. హెచ్చరిక మనిషిని ఊరు దాటిస్తుంది. ఇల్లు, చేను, మేక, పొయ్యికింద పుల్లలు, మంచినీళ్ళ నుయ్యి హెచ్చరిక విని నడిచిపోలేవు కదా!

పైగా హెచ్చరిక అందరికీ ఒకేలా అందదు. 1991 ఏప్రిల్ నెలాఖరు బంగ్లాదేశ్ తుపానులో 20 నుంచి 44 ఏళ్ళ వయసు ఆడవాళ్ళు వెయ్యికి 71 మంది పోతే, అదే వయసు మగవాళ్ళు 15 మంది పోయారు. పిల్లల్ని, ముసలివాళ్ళని వదిలి కదలలేక, మగదిక్కు లేకుండా షెల్టరుకి పోలేక, కాళ్ళకి చీర అడ్డంపడి పోయారు. కనుక ఉప్పెన నీటిని నెమ్మదింపజేసే ప్రతిదీ ముందు ఆడదానికి కావలసిన రక్షణ. ఇది పర్యావరణం వాళ్ళ సంగతి, మనది కాదు అని మన సమావేశాల్లో ఇంకా అంటున్నారు. ఎవరు అన్నారో పేరు చెప్పను, నేనూ అన్నాను.

ఇక గోడలు, గట్ల సంగతి. కాంట్రాక్టరుకి గట్టు మీద ఉండే ప్రేమ మడ మీద ఉండదు, ఎందుకంటే మడలో బిల్లు రాదు. అదే ఒరిస్సా తుపాను తర్వాత భితరకనిక దగ్గర మూడు ఊళ్ళని పోల్చి రుచి బడోలా, హుస్సేన్ 2005లో రాసింది చదవండి. మడ చాటున ఉన్న ఊళ్ళో కుటుంబానికి నష్టం 33 డాలర్లు. మడా గట్టూ రెండూ లేని ఊళ్ళో 44. మడ లేకుండా గట్టు మాత్రమే ఉన్న ఊళ్ళో 154 డాలర్లు! గట్టు తెగి లోపలికొచ్చిన ఉప్పునీరు తిరిగి పోయే దారి లేక పొలాల్లోనే నిలిచిపోయింది.

విలువ కట్టడమే తప్పు అనే మిత్రులున్నారు. వారి భయం నాకు తెలుసు. ధర రాశాక కొనేవాడు వస్తాడు. అడవి భూమిని వేరే పనికి మళ్ళిస్తే హెక్టారుకి 4,38,000 నుంచి 10,43,000 రూపాయల దాకా చెల్లించాలని సుప్రీంకోర్టు 2008లో నిర్ణయించింది. నష్టపరిహారం అనుకున్నది కంపెనీలకి రేటు కార్డు అయింది. అయినా లెక్క కట్టకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు పడిపోయిన కొబ్బరిచెట్టుకి 1,500 రూపాయలన్నారు, తర్వాత వచ్చిన ప్రభుత్వం 3,000 చేసింది. ఇవ్వవలసిందే. కాని ఆ డబ్బు పట్టా ఉన్నవాడికి. ఆ తోటలో మట్టలు ఏరుకుని, ఈనెలు చీల్చి చీపుళ్ళు కట్టి బతికే ఆడమనిషి ఏ జాబితాలో ఉంది? పీతలు పట్టుకునే మడ పోతే ఏ ఫారం నింపాలి? కాబట్టి విలువ కట్టమనే అంటాను. అది కోర్టులో, గ్రామసభలో మన చేతిలో సాక్ష్యం కావాలి. అమ్మకపు ధర అని ఒప్పుకోవద్దు.

చట్టం లేక కాదు. 1991 ఫిబ్రవరి 19 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషను మడ అడవుల్ని అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి తరగతిలో పెట్టింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ పరిధిలోని రొయ్యల చెరువులు మూయమంది. రాబడి కంటే నష్టమే ఎక్కువని నీరి సంస్థ వేసిన లెక్క ఆ తీర్పుకి బలం. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి ఆ తీర్పుని పక్కకి నెట్టేసింది. లెక్క మనవైపు ఉన్నా ఓట్లు, నోట్లు అటువైపు ఉన్నాయి.

మా ఉత్తరాంధ్రలో ఈ పోరాటం రక్తంతో రాసి ఉంది. 2010 జూలై 14న సోంపేటలో బీలని థర్మల్ కేంద్రానికి ఇవ్వొద్దన్నవారి మీద కాల్పులు జరిపి ఇద్దర్ని చంపారు. అదే రోజున ఢిల్లీలో అప్పీలు అథారిటీ ఆ కేంద్రం అనుమతిని రద్దు చేసింది! 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపరలో మళ్ళీ కాల్పులు. రెండు చోట్లా ముందు వరసలో ఆడవాళ్ళే ఉన్నారు. వానలొచ్చినా పోటు ఎక్కినా నీరు నిలిచేది బీలలో, ఊళ్ళో కాదని వారికి ఏ ఆర్థికశాస్త్రవేత్తా చెప్పనక్కర్లేకపోయింది.

మా విజయనగరం తీరంలో కోరింగ లాంటి మడ లేదు. ఇది ఇసుక తీరం. మొగలి పొదలు, ఇసుక దిబ్బలు, తాళ్ళు, గెడ్డలు సముద్రంలో కలిసే మొగలు, అవీ మా గోడలు. చీపురుపల్లికి సముద్రం దాదాపు ముప్పై కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక చాలా రోజులకి, పూసపాటిరేగ వైపు నుంచి మాకు చేపలు తెచ్చే అప్ప గంప దించింది. "ఇల్లెలా ఉందప్పా?" అన్నాను. "గాలికి కప్పెగిరిపోనాది, మల్లీ కప్పుకుంతాం. నీరొచ్చేస్తే కప్పుకోడానికి మనిసుండాల గదమ్మా" అంది. గాలికీ నీటికీ ఉన్న ఆ తేడా చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో కనబడదు.

2023 జూన్ 5న కేంద్రం "మిష్టి" పేరుతో తొమ్మిది రాష్ట్రాల్లో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో 540 చదరపు కిలోమీటర్ల మడ పెంచుతామంది. మంచిదే. కాని మడ పెరగని ఇసుకలో మొక్కలు పాతి ఫొటో దిగే స్వచ్ఛందసేవ మనం చేయొద్దు. కృష్ణా, గోదావరి మడల్లో స్వామినాథన్ ఫౌండేషన్ వారు ఊరివాళ్ళతో కలిసి చేపముల్లులా కాలువలు తవ్వి, పోటునీరు లోపలికి పోయేటట్టు చేశాకే ఎండిన అడవి మళ్ళీ లేచింది. దారి నీటికి ఇవ్వాలి.

మా సంఘం ఈసారి పెట్టుకున్న పని చిన్నది. భోగాపురం, పూసపాటిరేగ మండలాల తీరపు పటాలు కలెక్టరు కార్యాలయంలో అడిగి తీసుకోవడం, వాటిని వలస గ్రామాలకి పట్టుకెళ్ళి, ఏ దిబ్బ, ఏ మొగ, ఏ మొగలి డొంక పటంలో లేదో ఆడవాళ్ళ చేతే గుర్తు పెట్టించడం. ఇళ్ళ స్థలాల దరఖాస్తు కూడా అదే సభలో రాస్తాం, మెరక సర్వే నంబర్లు చూపించి.