బొమ్మ తానై మాటాడదు

ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది సాగిపోవు గండికోట లోయ అంచున నిలిచి చూచుటకు నేడు జమ్మలమడుగువారే కాక బెంగుళూరు, చెన్నపట్టణము, హైదరాబాదుల నుండియు జనులు వచ్చుచున్నారు. వారిలో కన్నడమెఱిగి తెలుగెఱుగనివారు కలరు. మన దేశపు లిపులలో ఒక్కటియు చదువనేరని విదేశీయులు కలరు. వారికి సోడాయో మజ్జిగయో అమ్ముకొను ఈ ప్రాంతపువారిలో ఇంట ఉర్దూ పలుకువారును, ఏ బడిలోను కూర్చుండని వృద్ధులును కలరు. బండలు నిప్పులు చెఱగు వైశాఖజ్యేష్ఠములలో వీరందఱికి వడదెబ్బను గూర్చి ఒక్క పలకపై చెప్పదలచిన ఆరోగ్యశాఖాధికారి నాలుగు లిపులలో వ్రాయించినచో అక్షరములు మిక్కిలి చిన్నవై పోవును గనుక, మాటలు మాని బొమ్మ వేయింతుమను తలంపు ఆయనకు కలుగుట సహజము. తలంపు మంచిదే. బొమ్మకు భాష లేదు గావున అది అందఱికి తెలియునను నమ్మకము మాత్రము మంచిది కాదని నా మతము.

ఇదే కడపజిల్లాలో ముద్దనూరు చెంతనున్న చింతకుంట రాతిచఱియలపై ప్రాచీనులు ఎఱ్ఱని, తెల్లని వర్ణములతో చిత్రించిన బొమ్మలు నేటికిని నిలిచియున్నవి. అందలి మూపురపుటెద్దును పసివాడైనను గుర్తుపట్టును. కాని దానిని గీచినవాడు దైవమునకు మ్రొక్కుకొనెనో, తన మందను చూచి మురిసెనో, పొరుగువానికి ఏదేని హెచ్చరిక చేసెనో నిశ్చయముగ చెప్పగలవారు లేరు. వస్తువును పోల్చుకొనుటకును దానివలన చెప్పదలచిన మాటను గ్రహించుటకును నడుమ ఇంత దూరము కలదు. ఆ దూరమును దాటించువాడు చిత్రకారుడొక్కడే కాడు, చూచువాని జీవితము కూడ.

ఈ విషయమును మఱచుటవలన కలిగిన అపహాస్యమునకు మన దేశముననే ఒక దృష్టాంతము కలదు. 2009 మే 31 నుండి పొగాకు పొట్లములపై బొమ్మలతో హెచ్చరిక వేయవలెనను నియమము అమలునకు వచ్చినపుడు, నమలెడి పొగాకునకు ప్రభుత్వమువారు నిర్ణయించిన చిత్రము తేలు. రాయి కదలించినచో తేలు కనబడు మన సీమలో దానిని ఎఱుగనివాడెవ్వడు? అది కుట్టును, మంట పుట్టును, చాలవఱకు ప్రొద్దు గడిచిన కొలది ఆ బాధ దిగును. పొగాకువలన నోట పుట్టెడు కాన్సరు అట్లు దిగిపోవునది కాదు. అదియునుగాక, సరకును గుఱ్ఱము మార్కనియు, ఒంటె మార్కనియు గుర్తునుబట్టి అడిగెడి అలవాటుగల దేశమున పొట్లముపై తేలు కనబడినయెడల అది తేలుమార్కు పొగాకనుకొనుటలో కొనువాని తెలివితక్కువ ఏమియు లేదు. పిదప ఆ తేలు తొలగి నోటికాన్సరు సోకినవారి ఛాయాచిత్రములు వచ్చినవి. 2016 ఏప్రిలు నుండి హెచ్చరిక పొట్లముపై నూటికి 85 పాళ్లు ఆక్రమించుచున్నది. ఆ ఛాయాచిత్రములను చూచుటకు మనసొప్పదు, నిజమే. కాని వాటిని సరకు మార్కుగ భ్రమించువాడు లేడు.

బొమ్మల వరుసలో ఇంతకంటె సూక్ష్మమైన చిక్కొకటి కలదు. సొమ్మసిల్లిన మనిషి, ఓఆర్‌ఎస్ నీరు త్రాగుట, లేచి నిలిచిన మనిషి అని మూడు చిత్రములను ఎడమనుండి కుడికి వేసితిమనుకొందము. తెలుగు చదువుకొన్నవానికి అది స్వస్థత చేకూర్చు కథ. కుడినుండి ఎడమకు చదువుట ఉర్దూవలన అలవడినవానికి, చక్కగా ఉన్న మనిషి ఆ నీరు త్రాగి కూలిపోయిన కథ. మాధవరాయస్వామి ఆలయమును జామియా మసీదును ఒకే కోటగోడలలోపల దాచుకొన్న గండికోటలోనే ఈ చిక్కు గుర్తునకు రాకపోయినచో ఇంకెక్కడ వచ్చును? ఆ మూడింటిని పైనుండి క్రిందికి పేర్చినచో ఇరువురికి ఒక్కటే కథ యగును; ఖర్చు కాణియు పెరుగదు. ఓఆర్‌ఎస్ పొట్లములలోను పెద్దది లీటరు నీటికి, చిన్నది 200 మిల్లీలీటర్లకు ఉద్దేశింపబడినవి. పెద్దపొట్లము గ్లాసులో గుమ్మరించుచున్నట్లు బొమ్మ వేసినచో మేలునకు మారు కీడు జరుగును. చెంబులు ఇంటింటికి వేఱు. అందఱెఱిగిన లీటరు కొలత ఇప్పుడు అంగడిలో అమ్మెడి నీళ్లసీసాయే గనుక పెద్దపొట్లము ప్రక్కన దానిని గీయుట యుక్తము. అక్షరము రానివారిలో ననేకులు 108 అను అంకెలను గుర్తుపట్టుదురు గనుక వాటిని తొలగించి అంబులెన్సు బొమ్మతో సరిపెట్టుట అనవసరమైన నిష్ఠ.

చక్కగా పనిచేసిన గుర్తులును మనకు లేకపోలేదు. 1951-52 ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె చొప్పున నుంచి, వాటిపై జోడెద్దులు మొదలగు గుర్తులంటించి కోట్లమంది నిరక్షరాస్యులచేత ఓటు వేయించిరి. 1960 దశకమున దీప్ త్యాగి అను అధికారి కుటుంబనియంత్రణకై ప్రచారమునకు తెచ్చిన తలక్రిందుల ఎఱ్ఱత్రికోణమునకును సంతానమునకును స్వతస్సిద్ధమగు సంబంధ మేమియు లేదు. ఆసుపత్రిగోడలపై ఏండ్లతరబడి కనబడి, దాని ప్రక్కన నర్సమ్మ నిలిచి చెప్పగా, జనము దానిని నేర్చుకొనిరి. 2020లో కరోనా ప్రబలినపుడు కర్నూలుజిల్లా ప్యాపిలిలో ఒక పోలీసు అధికారి తెల్లగుఱ్ఱమునకు వైరసు బొమ్మలు పూయించి వీధులలో ఊరేగుట పత్రికలవారికి పండుగయైనది. ఉమ్మెత్తకాయవంటి ఆ ముండ్లబంతిని చూచి జనులు ఏమి చేయవలెనో నాకు బోధపడలేదు. దానికంటె రేషనుదుకాణముల ముందు సున్నముతో గీచిన వట్టి వలయములు వేయిరెట్లు మేలు. వలయము భయపెట్టదు, అడుగు ఎక్కడ పెట్టవలెనో చూపును.

ఆస్ట్రియాలో ఓటో నెయ్‌రాత్‌తో కలిసి ఐసోటైప్ అను చిత్రలిపిని రూపొందించిన మేరీ నెయ్‌రాత్ అంతటి అనుభవశాలినియే 1950 దశకమున పశ్చిమ నైజీరియా ప్రభుత్వమునకై పనిచేయబూనినపుడు, ఐరోపాలో చెల్లిన గుర్తులను అచ్చట అట్లే దింపక, అచ్చటి ఇండ్లను, దుస్తులను, అలవాట్లను చూచి మార్చుకొనెను. మన రాజధానిలో గీచి, వేలకొలది ఫ్లెక్సీలు అచ్చువేయించి జిల్లాలకు పంపు పద్ధతిలో ఈ చూపునకు చోటెక్కడ?

చోటు కల్పించుట కష్టము కాదు. అచ్చునకు ముందు చిత్తుబొమ్మను ఆశా కార్యకర్తచేతికిచ్చి ఊరిలో పదిమందికి చూపింపుడు. అర్థమైనదా అని మాత్రము అడుగరాదు. అయిందని తలయూపుట మన మర్యాద. "పెద్దమ్మా, ఈ బొమ్మ జూస్తే నీకేం జేయాలనిపిస్తాది?" అని అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను. పదిమందిలో ముగ్గురు తలక్రిందులుగ చెప్పినచో మార్చవలసినది బొమ్మను, పెద్దమ్మను కాదు.

ఈ పరీక్ష అన్నింటికంటె ముందు జరుగవలసినది పురుగుమందుల డబ్బాలపై. 1971 నాటి కీటకనాశకముల నియమముల ప్రకారము ఆ డబ్బాపై మూలమీద నిలిచిన చతురస్రముండును. దాని క్రిందిసగము విషతీవ్రతనుబట్టి ఎఱుపు, పసుపు, నీలము, పచ్చ రంగులలో నొకదానితో నిండును. ఎఱుపుపై పుఱ్ఱె, ఎముకలు ఉండును గనుక దాని భావము ఎవరికైనను తెలియును. పచ్చని రంగో, తక్కువ విషమని చెప్పుటకుద్దేశింపబడినది. పచ్చదీపము చూచి బండి నడుపుట నేర్చిన మనకును, పచ్చదనమును పంటగ భావించు రైతునకును అది విషమే లేదని చెప్పుచున్నది. ముక్కునకు గుడ్డ కట్టక, చేతులు కడుగక సద్ది తినువానిని తప్పుపట్టుటకు ముందు ఆ రంగును నిర్ణయించినవారిని అడుగవలెను. ఆ నియమమును మార్చు అధికారము కేంద్రమునది, జిల్లావారిది కాదు. కాని జమ్మలమడుగు నల్లరేగళ్లలో శనగపై మందు కొట్టు కాలము రాకముందే ప్రతి రైతుసేవాకేంద్రపు గోడపైనను ఆ నాలుగు రంగులను వేయించి, నాల్గింటి ప్రక్కను చేతితొడుగును, ముక్కుగుడ్డను, సబ్బును గీయించుటకు ఢిల్లీ అనుమతి అక్కఱలేదు.