చేయి మారిన టిక్కెట్టు... చేజారే సొమ్ము

మన హాస్టల్లో రాత్రి స్టడీ అవర్ ముగిసిన తర్వాత ఏ గది ముందు నిలబడినా ఏదో ఒక పాట వినిపిస్తుంది. ఒక గదిలో డప్పు పాట, పక్క గదిలో కొత్త సినిమా పాట, ఆ పక్క గదిలో మాటలు అర్థం కాకపోయినా ఇంగ్లీషు పాట. పాటను ప్రేమించే మనసుకు పేద, ధనిక తేడా లేదు. అందుకే "హాస్టల్ పిల్లలకు సంగీత కచేరీలు ఎందుకు, బుద్ధిగా చదువుకోక" అనే కొందరు పెద్దల అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. చదువుకునేవాడు పాట వినకూడదని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. నా బాధంతా ఆ కచేరీ టిక్కెట్టు మన చేతికి వచ్చే దారి గురించే. మరీ ముఖ్యంగా, వేరొకరు కొన్న టిక్కెట్టును ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర ఫోన్లో బేరమాడి కొనుక్కునే దారి గురించి.

కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బృందం 2025 జనవరి 18, 19, 21 తేదీల్లో నవీ ముంబైలోని డి.వై. పాటిల్ స్టేడియంలో పాడింది. ఆ టిక్కెట్లను 2024 సెప్టెంబర్ 22న బుక్‌మైషోలో అమ్మకానికి పెడితే కోటీ ముప్పై లక్షల మంది ఎగబడ్డారని ఆ సంస్థే చెప్పింది. అసలు ధర 2,500 నుండి 35,000 రూపాయల వరకు. ఒక్కొక్కరికి నాలుగుకు మించి ఇవ్వలేదు. అయినా చూస్తుండగానే అవే టిక్కెట్లు వేరే వెబ్‌సైట్లలో లక్షల రూపాయల ధరతో ప్రత్యక్షమయ్యాయి. అక్కడ కొన్నవి చెల్లకపోవచ్చని, నకిలీవి కూడా కావచ్చని బుక్‌మైషో హెచ్చరించి పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఆ అక్టోబర్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఐదు నగరాల్లో సోదాలు జరిపి, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, టెలిగ్రామ్‌ల ద్వారా టిక్కెట్లు, నకిలీ టిక్కెట్లతో సహా, చేతులు మారుతున్నాయని ప్రకటించింది. దిల్జీత్ దోసాంజ్ కచేరీల టిక్కెట్లు కూడా ఆ దర్యాప్తులోనివే. ఆయన అదే ఏడాది నవంబర్ 15న మన హైదరాబాద్‌లోనూ పాడారు. కనుక ఇదెక్కడో బొంబాయి వాళ్ల గొడవ అనుకోవడానికి వీల్లేదు.

ఒక్క లెక్క చూడండి. 2024లో తెలంగాణ ప్రభుత్వం డైట్ చార్జీలు పెంచింది. ఇంటర్ నుండి పీజీ వరకు చదివే హాస్టల్ విద్యార్థికి నెలకు 1,500 రూపాయలుగా ఉన్నది 2,100 అయింది. అంటే ఆ ముంబై కచేరీలో అన్నిటికంటే చవక టిక్కెట్టు మనలో ఒకరు నెల రోజులు తినే తిండి ఖర్చు కంటే 400 రూపాయలు ఎక్కువ. కలిగినవారి బిడ్డకు ఆ టిక్కెట్టు దొంగదని తేలితే ఒక సాయంత్రం పాడవుతుంది. మన తమ్ముడికైతే అది సెలవుల్లో పెళ్లిళ్ల క్యాటరింగుకు వెళ్లి, అర్ధరాత్రి దాకా ప్లేట్లు మోసి కూడబెట్టిన డబ్బు. లేదా పరీక్ష ఫీజు కోసం ఇంటి నుండి పంపిన డబ్బు. మోసం ఒక్కటే అయినా దెబ్బ ఒక్కటి కాదన్న సంగతిని విస్మరించరాదు.

మన అన్నల కాలంలో సినిమా టిక్కెట్లు బ్లాకులో కొనలేదా అని మీరు అడగవచ్చు. కొన్నారు. కాని ఆ బ్లాకు టిక్కెట్టు అసలైనదే, ధర మాత్రమే రెండింతలు. అమ్మినవాడు ఆ థియేటరు చుట్టుపక్కలే తిరిగేవాడు, తేడా వస్తే చొక్కా పట్టుకుని అడగడానికి మనిషంటూ ఉండేవాడు. (బ్లాకువాణ్ణి పొగిడే రోజు వస్తుందని నేనూ అనుకోలేదు!) ఫోన్లో అమ్మేవాడికి చొక్కా లేదు, ఊరు లేదు. ఉన్నది ఒక పేరు, ఒక ఫొటో. ఆ రెండూ అతనివి కాకపోవచ్చు.

వాడి మాటల తీరు మాత్రం చాలా మర్యాదగా ఉంటుంది. "బ్రదర్, మా అక్క పెళ్లి అదే రోజున పడింది, వెళ్లలేకపోతున్నాం, కొన్న ధరకే ఇచ్చేస్తాను" అంటాడు. లాభం అడగనివాణ్ణి అనుమానించడం మనకు చేతకాదు. నమ్మకం కోసం టిక్కెట్టు స్క్రీన్‌షాట్ పంపుతాడు, ఎవరిదో ఆధార్ కార్డు ఫొటో కూడా పంపుతాడు. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, పది నిమిషాల్లో చెప్పండి" అని తొందరపెడతాడు. సగం డబ్బు పంపగానే పేరు మార్పిడి చార్జీ అని ఇంకొంత, తర్వాత తిరిగి వచ్చే డిపాజిట్ అని మరికొంత. ఆఖరికి మన నంబరును బ్లాక్ చేస్తాడు.

టిక్కెట్టు పంపినంత మాత్రాన కూడా అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు. టిక్కెట్టు అంటే ఇప్పుడు కాగితం కాదు, ఒక కోడు. గేటు దగ్గర మిషను ఆ కోడును ఒక్కసారే ఒప్పుకుంటుంది. ఒకే పీడీఎఫ్‌ను పదిమందికి అమ్మితే ముందు వచ్చినవాడు లోపలికి పోతాడు, మిగతా తొమ్మిది మంది బయట నిలబడతారు. ఆ తొమ్మిది మంది చేతుల్లో ఉన్నదీ అచ్చం అసలు టిక్కెట్టే! నిజమైన బదిలీ వేరుగా ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో జొమాటో తన యాప్‌లోనే టిక్కెట్టు తిరిగి అమ్ముకునే సౌకర్యాన్ని ప్రకటించింది. అందులో పాత టిక్కెట్టు రద్దయి కొన్నవారి పేర కొత్తది పుడుతుంది. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. అమ్మినవాడి దగ్గర పాత కోడు ఇంకా బతికే ఉంటే మనం కొన్నది టిక్కెట్టు కాదు, దాని నీడ. అందుకే టిక్కెట్టు అమ్మిన యాప్‌లోనే బదిలీ చేసే వీలుంటే తప్ప, స్క్రీన్‌షాట్‌కు పైసా కూడా పంపవద్దని నా సలహా. ఆ సౌకర్యం లేకపోతే ఆ కచేరీ మనది కాదనుకోవడమే మేలు. కోల్డ్‌ప్లే వాళ్లు 2025 జనవరి 26న అహ్మదాబాద్‌లో పాడినప్పుడు ఆ కచేరీ హాట్‌స్టార్‌లో ప్రత్యక్షంగా వచ్చింది. స్టేడియంలో చూడటం, ఫోన్లో చూడటం ఒకటి కాదని నాకూ తెలుసు. కాని గేటు బయట నిలబడి వినడం కంటే నయమే కదా!

ఇక చట్టం సంగతి. ఇలాంటి టిక్కెట్ల దందాను అరికట్టేలా నిబంధనలు తేవాలని వేసిన ప్రజాహిత వ్యాజ్యాన్ని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. అది చట్టసభలు చూసుకోవలసిన పని అంది. చట్టసభలు ఎప్పుడు చూసుకుంటాయో గాని అంతవరకు మన జేబును మనమే చూసుకోక తప్పదు.

మన హాస్టల్ తమ్ముడొకరి విషయం ఇక్కడ చెప్పాలి. డిగ్రీ రెండో సంవత్సరం. గదిలోని మరో ఇద్దరితో కలిసి నగర శివార్లలో జరిగే ఒక సంగీత కార్యక్రమానికి టెలిగ్రామ్‌లో మూడు టిక్కెట్లు కొన్నాడు. ఆరు వేల రూపాయలు. గేటు దగ్గర మూడు కోడులూ అప్పటికే వాడేసినవని తేలింది. ముగ్గురూ బయట టీ బండి దగ్గర కూర్చుని లోపలి పాటలు కాసేపు విని తిరిగి వచ్చేశారు. దీనికంటే నన్ను బాధించినది తర్వాతి సంగతి. పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. వార్డెన్ గారు తిడతారని ఒక భయం, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని ఇంకో భయం, నలుగురూ నవ్వుతారని సిగ్గు. చివరికి "అన్నా, ఒక మాట" అంటూ నా దగ్గరికి వచ్చేసరికి ఆ డబ్బు ఎన్ని ఖాతాలు దాటిపోయిందో!

మోసగాడు బతికేది మన అమాయకత్వం మీద మాత్రమే కాదు, ఈ సిగ్గు మీద కూడా. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే ఆ సొమ్ము చేరిన ఖాతాలో దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుండి మరో ఖాతాకు తిప్పి, ఏటీఎంలో తీసేస్తారు. అందుకే మొదటి గంట విలువ చాలా ఎక్కువ. పంపిన డబ్బు తాలూకు యూపీఐ లావాదేవీ నంబరు, అవతలివాడి నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోవాలి. కోపంతో చాట్ చెరిపేయకూడదు. మన బ్యాంకుకు కూడా వెంటనే తెలపాలి. ఆ సమయంలోనే ఇంకో గండం పొంచి ఉంటుంది. "మీ డబ్బు వాపసు ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరో ఫోన్ చేస్తారు. యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి గాని, అందుకోవడానికి అక్కరలేదు. పిన్ అడిగాడంటే రెండోసారి దోచుకోవడానికి వచ్చాడని అర్థం.

ఇంకొక మాట, ఇది టిక్కెట్టు కొననివారికి కూడా. ఆ దోచుకున్న డబ్బు దాటిపోయే ఖాతాలు ఎవరివి అనుకుంటున్నారు? చాలాసార్లు మనవంటి విద్యార్థులవే. "నీ ఖాతాలోకి కొంత డబ్బు వస్తుంది, తీసి ఇస్తే కమీషన్ ఇస్తాను" అని అడిగేవాళ్లు కాలేజీల చుట్టూ తిరుగుతుంటారు. ఆశపడి ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చినవాడి ఖాతాను పోలీసులు స్తంభింపజేస్తారు, కేసు కూడా పడవచ్చు. మన స్కాలర్‌షిప్ పడేది ఆ ఖాతాలోనే అన్నది గమనార్హం. టిక్కెట్టు పోతే ఒక నెల కష్టం. ఖాతా పోతే ఆ ఏడాది చదువే ఇబ్బందిలో పడుతుంది.

మన నోటీసు బోర్డు మీద మెస్ మెనూ పక్కన 1930 నంబరును పెద్ద అక్షరాలతో రాయించాలని వార్డెన్ గారిని కోరుతున్నాను. దాని కింద పూర్వ విద్యార్థుల్లో ఒక అన్నది, ఒక అక్కది ఫోన్ నంబర్లు ఉండాలి. ఏ రాత్రయినా తిట్టకుండా వినేవాళ్లవి. నా నంబరు ఇవ్వడానికి నేను సిద్ధం. ఈ వార్షికోత్సవం రోజునే ఆ కాగితం అతికించవచ్చు. బోర్డు మీద పోయిన ఏడాది టైంటేబులు ఇంకా అలాగే ఉంది, దాన్ని తీసేస్తే చోటు సరిపోతుంది.