వలసల చరిత్ర – తెలుగు విద్యార్థి బాధ్యత

ఉన్న ఊరు కన్నతల్లితో సమానమని తెలుగువారి నానుడి. అయినను కరవు వచ్చినప్పుడు, అప్పులు పెరిగినప్పుడు, చేతికి పని దొరకనప్పుడు మనిషి ఆ తల్లిని విడిచి, పొట్ట చేత పట్టుకొని పోక తప్పలేదు. అట్లా పోయినవారు ఏమయ్యారు, ఊరిలో మిగిలినవారు ఎట్లా బ్రతికారు అని పరిశీలించేదే వలసల అధ్యయనం. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రవాస భారతీయుల అధ్యయనానికి 1996లో ఒక ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. ఉన్నత విద్యలో ఈ విషయాన్ని ఎంచుకొనే విద్యార్థులు ఎవరి చరిత్రను చదవాలి అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ప్రవాసం అనగానే నేడు చాలామందికి అమెరికాలోని కంప్యూటరు ఇంజనీరే గుర్తుకు వస్తాడు. అతని విజయం గర్వకారణమే. కాని ఆ చరిత్ర అతనితో మొదలు కాలేదు. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. 1834 నుండి 1920 వరకు ఒక్క మారిషస్‌కే దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను రేవుకు కూలీలను చేర్చింది. బర్మాలోనైతే కోరంగి రేవు పేరుమీదుగా తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది.

దక్షిణాఫ్రికాకు వెళ్ళిన ఓడల పట్టికలలో కూలి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, గ్రామం, ఒంటిమీది గుర్తులు వ్రాసి ఉన్నాయి. అతని తల్లి ఎంతకాలం ఎదురుచూచిందో అందులో లేదు. గుమాస్తా తన చెవికి వినబడినట్లు ఆంగ్లంలో వ్రాసిన ఊరి పేరును పోల్చుకోవాలన్నా, మునిమనుమల నోట మిగిలిన పాటకు అర్థం చెప్పాలన్నా తెలుగు తెలిసిన పరిశోధకుడే కావాలి.

ఈ అధ్యయనానికి గణాంకాలు చాలునని కొందరు వాదించవచ్చు. లెక్కలు తప్పక అవసరమే. కేరళలో 1998 నుండి వలసలపై ప్రత్యేక సర్వేలు జరుగుతున్నాయి. లెక్క లేనిచోట మనిషికే విలువ లేకుండా పోతుంది. 2020లో లాక్‌డౌన్ వేళ వలస కూలీలు వందల మైళ్ళు నడిచారు. దారిలో మరణించినవారి వివరాలు తమ వద్ద లేవని ఆ సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అయితే లెక్కలు మాత్రమే సరిపోవు. గల్ఫ్ దేశాల నుండి కరీంనగర్, నిజామాబాదు పల్లెలకు వచ్చే డబ్బును లెక్కింపవచ్చు. తండ్రి ముఖాన్ని ఫోటోలోనే చూచి పెరిగిన బిడ్డ వేదనను ఏ పట్టిక కొలువగలదు?

సముద్రం దాటినవాడు మాత్రమే ప్రవాసి కాదు. దేశమంతటా ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీ ప్రవాసియే. అతని కథ చాలావరకు ఇంకా వృద్ధుల జ్ఞాపకాలలోనే ఉన్నది. ఆ వృద్ధులు ఒక్కొక్కరే కన్నుమూస్తున్నారు. వారితో వారి భాషలో మాట్లాడి, విన్నది విన్నట్లు వ్రాసి భద్రపరచడం తెలుగు విద్యార్థి చేయగల పని. ఉన్నత విద్యాసంస్థలు దీనిని పాఠ్యాంశంలో భాగం చేయాలి. పోయినవారి పేర్లు పరాయి దేశపు పట్టికలలో మిగిలాయి. వారి కథలైనా సొంత భాషలో మిగలాలి.