అడగని చేప

పోయిన నెల రేషను కార్డుల గొడవ రాశాను. ఈ నెల ఒక చేప సంగతి. నవ్వుకోండి, పర్వాలేదు.

నాకు ముప్పై ఏళ్ళు కూడా నిండని రోజులు. కోయంబత్తూరులో మా మిల్లు లాకౌట్ పడి నాలుగో నెల. రింగ్ ఫ్రేము మీద తెగిన దారాలు అతికించే చేతులకి పని లేదు. ఇంట్లో పొద్దున గంజి, రాత్రి గంజి. మా పెద్దమ్మాయికి అప్పుడు రెండేళ్ళు.

మా పాత స్పిన్నింగ్ మాస్టరుగారికి గాలం పిచ్చి. రిటైరయ్యాక మెట్టుపాళయం మీదుగా ఊటీ ఎక్కి, అక్కణ్ణుంచి ఎమరాల్డ్ చెరువుకి వెళ్ళేవారు. "ఊరికే కూర్చుని ఏం చేస్తావు, సంచి మోయడానికి రారా" అన్నారు. బస్సు చార్జీ ఆయనే పెట్టారు. మత్స్యశాఖ లైసెన్సు మాత్రం ఆయన ఒక్కరి పేరునే ఉంది.

ఆయన రాగి ముద్ద గుచ్చి కార్ప్ చేప కోసం ఒక గాలం వేసి కూర్చున్నారు. నాకు ఇంకో కర్ర ఇచ్చి, ఊపడం నేర్చుకోమన్నారు. దాని కొసన ఉండేది ఎర కాదు. పురుగులా కనబడేలా కోడి ఈక, దారం చుట్టిన గాలం. ఫ్లై అంటారు. మామూలు గాలానికి సీసం కడతాం, ఆ బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ బరువంతా దారంలోనే. దాన్ని వెనక్కీ ముందుకీ ఊపితే అదే ఈకని మోసుకుపోతుంది. కొసన మాత్రం సన్నటి నైలాను. ఇరవై కౌంటుకి వంద కౌంటు ముడేసినట్టు. దారం సంగతి కాబట్టి నాకు తొందరగానే పట్టుబడింది.

చిన్న పిల్ల చేపలేమైనా వస్తాయేమో అనుకున్నా. మాస్టరుగారు టీకి గట్టు మీదికి వెళ్ళారు. అప్పుడు లాగింది చూడండి! కర్ర వంగిపోయింది. ఎలాగో ఒడ్డుకి తెచ్చాను. ఒంటి నిండా నల్ల చుక్కలు, పక్కన గులాబీ రంగు చార. ట్రౌట్! కిలో పైనే ఉంటుంది.

ఈ చేప మన దేశపుది కాదు. ఎక్కడో అమెరికా పడమటి తీరపు చల్లని ఏళ్ళలోది. తెల్లదొరలు నీలగిరికి తెచ్చి, 1907లో అవలాంచ్‌లో గుడ్లు పొదిగించే కేంద్రం పెట్టారు. నీళ్ళు వేడెక్కితే బతకదు. కింద మన భవానీ నదిలో వేస్తే ఒక్క వేసవి కూడా దాటదు.

ఇవన్నీ నాకు తరవాత తెలిసినవి. ఆ క్షణాన నా కళ్ళకి మా పొయ్యి మీద కుండ కనబడింది. చేప సంచిలో పడేస్తే ఎవరు చూస్తారు? చెయ్యి సంచి దాకా వెళ్ళింది కూడా.

వెనకాల మాస్టరుగారు. తిట్టలేదు. "లైసెన్సు నా పేరున ఉంది, కర్ర నీ చేతిలో ఉంది. వాచరు వస్తే నా కాగితం పోతుంది. తీసుకెళ్ళాలంటే తీసుకెళ్ళు, నేను కాదనను" అన్నారు.

కాదనేస్తే బాగుండేది. కోపం తెచ్చుకోవడానికి నాకు ఒక మనిషి దొరికేవాడు.

"వదిలేస్తాను సార్" అన్నాను. "అయితే చెయ్యి తడుపుకో. పొడి చెయ్యి తగిలితే ఒంటి జిగురు పోయి బూజు పడుతుంది" అన్నారు. తడి చేత్తో పట్టుకుని నెమ్మదిగా గాలం తీశా. నీళ్ళలోనే నిలబెట్టి పట్టుకున్నా. కాసేపు మొప్పలు ఆడించింది. తోక విదిల్చి వెళ్ళిపోయింది.

ఆ రోజు కార్ప్ ఒక్కటీ పడలేదు. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఇంటామె పిల్లని చంకనేసుకుని అంతా వింది. "చేతులు తడుపుకొచ్చారు గానీ, మన కుండ తడవలేదు" అంది. ఆ మాట అబద్ధం కాదు. రెండ్రోజులు ఆమె మొహం చూడలేకపోయాను.

మంచి పని చేశానని చెప్పుకోవడానికి ఇది రాయలేదు. ఆయన్ని నమ్ముకుని వెళ్ళాను, ఆయన పేరు మీద తినలేకపోయాను, అంతే. పిల్ల ఆకలి ఇంకొంచెం ఎక్కువుండి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. అందుకే ఆకలితో చెయ్యి చాపినవాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాదు.

మొన్న మా మనవడు అడిగాడు: "తాతా, ట్రౌట్ రుచి ఎలా ఉంటుంది?"

"తెలీదు నాయనా" అన్నాను. ఇప్పటికీ తెలీదు.