పెద్ద కొండకు పక్క వాకిలి

మా అక్కయ్య కుటుంబం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో స్థిరపడి పన్నెండేళ్ళు దాటింది. రెండేళ్ళ క్రితం వేసవి సెలవులకు ఫ్రాన్స్ దేశపు ఆల్ప్స్ పర్వతాలకు వెళ్తున్నామనీ, అమ్మను వెంటబెట్టుకుని మమ్మల్ని కూడా రమ్మనీ కబురు పెట్టింది. ఆ ఆహ్వానం వెనుక ఒక ఇంటి తగవు ఉన్నదని మాకు ఆలస్యంగా తెలిసింది. మేనల్లుడికి పదిహేనేళ్ళు. కొండ సైకిలంటే ప్రాణం పెడతాడు. తోటి విద్యార్థులు ఏటా వెళ్ళే మోర్జీన్‌కే తానూ వెళ్ళాలని పట్టుబట్టాడు. వారమంతా పరుగులతో గడిచే ఉద్యోగం చేసే అక్కయ్యకేమో క్యూలో నిలబడే పని లేని చోట ఎనిమిది రోజులు ఊపిరి పీల్చుకోవాలని ఉంది. బావగారు ఇద్దరి మధ్య నలిగిపోతూ మా వంక చూశారు. “మీరైనా చెప్పండి, ఎక్కడికి పోదాం?” అన్నారు.

ఈ సంగతి ఇక్కడ రాయడానికి కారణం ఉంది. ఐరోపాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల ఇళ్ళకు వేసవిలో వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు తక్కువేమీ లేరు. ఆల్ప్స్ అనగానే మనకు మంచు తలపుకు వస్తుంది. కాని జూలై, ఆగస్టు నెలల్లో ఆ కొండలు పచ్చగా ఉంటాయి. చలికాలంలో స్కీయింగ్ చేసేవారిని పైకి మోసే లిఫ్టులే వేసవిలో సైకిళ్ళను మోస్తాయి. సైకిలును లిఫ్టులో పెట్టి పైకి చేరడం, అడవుల గుండా, గడ్డి మైదానాల గుండా వేసిన మట్టిబాటల మీదుగా కిందికి దిగడం, మళ్ళీ లిఫ్టు ఎక్కడం - ఆట ఇంతే. బాటలకు కష్టాన్ని బట్టి రంగులు కేటాయిస్తారు. ఆకుపచ్చ సులువు, తరువాత నీలం, ఆపైన ఎరుపు, అన్నింటికన్న కఠినం నలుపు.

మోర్జీన్ చెడ్డ ఊరని మేము అనబోము. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దుకు ఇరువైపులా ఉన్న 12 కొండ ఊళ్ళు ‘పోర్ట్ దు సొలేయ్’ అనే పేరుతో ఒకటిగా కలిసి ఉన్నాయి. మోర్జీన్ అందులో ఒకటి. దాని పక్కనే ఉన్న లే జే గ్రామంలో 2004లోనూ, 2022లోనూ కొండ సైకిలు ప్రపంచ పోటీలు జరిగాయి. బాటలకు కొదవ లేదు, సైకిలు దుకాణాలకు కొదవ లేదు, జనానికి అసలే కొదవ లేదు. పదిహేనేళ్ళ పిల్లవాడికి అది స్వర్గంలా కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

దీనికి పూర్తిగా ఎదురు కొసన మరోరకం ఊళ్ళున్నాయి. ఒకే లిఫ్టు, రెండు మూడు బాటలు, ఒక రొట్టెల దుకాణం. అక్కయ్య మొదట అలాంటి ఊరినే చూసిపెట్టింది. బావగారు లెక్క వేసి చెప్పిన మాట మాకు సబబుగానే తోచింది. మొదటి రోజు పిల్లవాడు బాటలన్నీ దిగేస్తాడు. రెండో రోజు మళ్ళీ అవే దిగుతాడు. మూడో రోజు నుండి ఇంట్లో కూర్చుని మొహం ముడుచుకుంటాడు. అప్పుడు ఊరిలో ఎంత ప్రశాంతత ఉన్నా ఇంట్లో మిగలదు.

చివరకు ఎంచుకున్నది వోజానీ అనే గ్రామం. ఆల్ప్ డ్యుయెజ్ అనే పేరు సైకిలు పందేలు చూసేవారికి తెలిసే ఉంటుంది. టూర్ ద ఫ్రాన్స్ పందెం 1952లో తొలిసారి అక్కడికి ఎక్కింది. 21 మలుపుల ఆ ఘాట్ రోడ్డు ప్రపంచమంతటా పేరు మోసింది. 1,860 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పెద్ద విడిది, గ్రాండ్ రూస్ అనే పర్వతశ్రేణికి ఒక వైపున ఉంటే, వోజానీ మరో వైపున సుమారు 1,250 మీటర్ల ఎత్తున వాలుకు అతుక్కుని ఉంటుంది. ఊరి నుండి బయలుదేరే పెద్ద రోప్‌వే ఆల్పెట్ అనే మజిలీ మీదుగా 2,800 మీటర్ల ఎత్తున ఉన్న దోమ్ దే రూస్ వరకూ వెళుతుంది. పైకి చేరితే పెద్ద కొండ బాటలన్నీ అందుబాటులోకి వస్తాయి. కిందికి వస్తే కొన్ని వందల మంది నివసించే పల్లె. పెద్ద ఇంటికి పక్క వాకిలి ఉన్నట్టు.

ఇంత చిన్న పల్లెకు అంత పెద్ద రోప్‌వే ఎలా వచ్చిందని మాకు మొదటి రోజే అనుమానం కలిగింది. జవాబు కింది లోయలో ఉంది. 1980లలో అక్కడ గ్రాన్ మేజోన్ జలవిద్యుత్ కేంద్రం పూర్తయింది. పైన ఒక జలాశయం, కింద వెర్నే అనే మరో జలాశయం, రెండింటి మధ్య సుమారు 900 మీటర్ల ఎత్తు తేడా. విద్యుత్తుకు గిరాకీ ఉన్న వేళ నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తారు. గిరాకీ తగ్గిన వేళ అదే నీటిని పంపులతో పైకి తోడతారు. మన శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం గురించి తెలిసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అక్కడ 150 మెగావాట్ల యంత్రాలు 6 ఉన్నాయి. ఇక్కడ అంతే సామర్థ్యం గలవి 12, మొత్తం 1,800 మెగావాట్లు. ఈ కేంద్రం వల్ల పంచాయతీకి వచ్చిన ఆదాయంతో వోజానీవారు రోప్‌వే వేసుకున్నారు, ఈత కొలను, మంచు మైదానం కట్టుకున్నారు. జనం వలసపోయి ఖాళీ కావలసిన కొండపల్లె అలా నిలిచింది. నీళ్ళ డబ్బు ఊరికి తిరిగి దక్కిన ఉదాహరణలు మనం ఎన్ని చూశాం? ఆ మాట అలా ఉంచుదాం.

లియాన్ విమానాశ్రయం నుండి కారులో రెండు గంటల ప్రయాణం. దారిలో గ్రెనోబుల్ నగరం తగులుతుంది. ఉత్తర ఆఫ్రికా నుండి వచ్చి స్థిరపడిన ముస్లిములు అక్కడ చాలామంది ఉన్నారు కనుక హలాల్ మాంసం దొరకడం కష్టం కాలేదు. వారానికి సరిపడా కొని ఐస్ పెట్టెలో సర్దుకున్నాము. కొండ పైకి వెళ్ళాక ఈ సదుపాయం ఆశించరాదు. అందుకే హోటలు గదికి బదులు వంటిల్లు గల ఇంటిని అద్దెకు తీసుకోవడం మేలు. బియ్యం, మసాలాలు ఇంటి నుండే తెచ్చిన అమ్మ దూరదృష్టిని రెండో రోజుకే అందరూ మెచ్చుకున్నారు.

ఊరు నిలువు వాలున ఉన్నందున, మోకాళ్ళ నొప్పులున్న అమ్మ సంగతేమిటని మేము దిగులు పడ్డాము. రోప్‌వే స్టేషన్‌కూ ఊరి నడిబొడ్డుకూ మధ్య పైకప్పు వేసిన ఎస్కలేటర్లు ఉన్నాయి. అమ్మ వాటి మీద రోజుకు రెండుసార్లు ఎక్కి దిగేది. మిగతా సమయమంతా బాల్కనీలో కూర్చుని ఎదురుగా కొండ మీది నుండి జారే ఫార్ జలపాతాన్ని చూసేది. సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటిన తరువాతే. ఇషా నమాజు పదకొండు ప్రాంతానికి వెళుతుంది, ఫజర్ చూస్తే నాలుగింటి వేళకే వచ్చేస్తుంది. “ఈ దేశంలో రాత్రి ఎవరో కత్తిరించుకుపోయారు” అనేది అమ్మ. పగటి కునుకు లేకుండా ఆ వారం గడవలేదు.

ప్రశాంతతకు కూడా మూల్యం ఉంటుందని నాలుగో రోజున తెలిసింది. ఊరి వైపు దిగే వాలు నిటారుగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునే బావగారి వంటివారికి తగిన మెత్తని బాటలు కావాలంటే పైకి ఎక్కి ఆల్ప్ డ్యుయెజ్ వైపు పోవాలి. ఆ రోజు తండ్రీ కొడుకులు అటే వెళ్ళారు. మధ్యాహ్నం మూడు దాటేసరికి శిఖరాల మీద మబ్బు కమ్ముకుంది. ఆల్ప్స్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములకు పేరు పొందినవి. పిడుగుల భయం ఉన్నంతసేపు లిఫ్టులు నడవవు. ఇక్కడ కూడా ఆపివేశారు. వాన తగ్గేసరికి లిఫ్టులు మూసే వేళ దాటిపోయింది. రోప్‌వేలో కొద్ది నిమిషాల దూరమైనది, కొండ చుట్టూ తిరిగి లోయలోకి దిగి మళ్ళీ ఎక్కే రోడ్డు ప్రయాణమైంది. ఆ వేళకు బస్సు లేదు. బావగారి ఫోను మూగబోయింది.

ఇంట్లో అక్కయ్య కిటికీ దగ్గర నుండి కదలలేదు. అమ్మ తస్బీహ్ తిప్పుతూ ఉండిపోయింది. సైకిళ్ళను అటువైపు దుకాణంలో వదిలి, వెతికి పట్టుకున్న టాక్సీలో వాళ్ళు చేరేసరికి మగ్రిబ్ అయింది. పిల్లవాడి మోకాలు గీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు, అల్‌హమ్దులిల్లాహ్. అక్కయ్య కొడుకును ఏమీ అనలేదు. భర్త వైపు తిరిగి, “ప్రశాంతంగా ఉండాలన్నాను గాని, ఇంత ప్రశాంతంగా కాదు” అన్నది. అమ్మ మాత్రం, “ముందు పిల్లాడికి అన్నం పెట్టవే” అన్నది.

మరునాడు ఉదయం నాశ్తా దగ్గర ఒక ఒప్పందం కుదిరింది. రెండు గంటలకల్లా ఈ వైపుకు వచ్చేయాలి. ఆ తరువాత ఎన్నిసార్లు దిగినా వోజానీ వైపు బాటల మీదే. పిల్లవాడు గొణిగాడు, ఒప్పుకున్నాడు. లిఫ్టు మూసే వేళను చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది అక్కయ్య. ఇలాంటి ఊరికి వెళ్ళేవారు చేయవలసిన మొదటి పని అదేనని మా అభిప్రాయం. పెద్ద విడిదిలో ఆఖరి లిఫ్టు తప్పిపోతే గది నాలుగడుగుల దూరంలో ఉంటుంది. పక్క వాకిలి ఊరిలో ఆ ధీమా లేదు.

రోజులు ఎంచుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. చిన్న ఊళ్ళలో లిఫ్టులు వేసవిలో జూలై, ఆగస్టు నెలల్లోనే నడుస్తాయి, అందులోనూ మొదటి వారం, చివరి వారం నమ్మదగినవి కావు. మరొకటి, ‘మెగావలాంచ్’ అనే పోటీ. 1995 నుండి జూలైలో జరుగుతున్నది. 3,330 మీటర్ల ఎత్తున ఉన్న పిక్ బ్లాన్ శిఖరం మీది మంచులో వందలాది మంది ఒకేసారి సైకిళ్ళతో బయలుదేరి, లోయలోని అల్మోన్ గ్రామం వరకూ దిగుతారు. చూడడానికి అద్భుతమే. కాని ప్రశాంతత కోరి వెళ్ళేవారు ఆ వారాన్ని తప్పించుకోవాలి.

బీమా విషయం మన ఇళ్ళలో చివరన గుర్తుకు వస్తుంది. భారత పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బ్రిటన్‌లో నివసిస్తున్నా పాస్‌పోర్టు మనదైతే ఆ వీసా తీసుకోవలసిందే. కాని వీసా కోసం కొన్న పాలసీలు చాలావరకు లిఫ్టెక్కి సైకిలు మీద దిగడాన్ని ప్రమాదకరమైన ఆటగా లెక్కించి మినహాయిస్తాయి. బ్రిటన్‌వారు ఇచ్చే ఆరోగ్య కార్డు ఫ్రాన్స్ ప్రభుత్వాసుపత్రిలో పనికివస్తుంది గాని, కొండ మీది నుండి కిందికి తెచ్చే ఖర్చుకు పనికిరాదు. బావగారు అదనపు రుసుము కట్టి ఆ ఆటను పాలసీలో చేర్పించారు. సైకిలుతో పాటు గడ్డాన్ని కూడా కప్పే హెల్మెట్టు, మోకాలి, మోచేతి, వీపు కవచాలు అద్దెకు దొరుకుతాయి. వీటిలో ఏ ఒక్కటీ వదలరాదు. పడినప్పుడు ముందుగా విరిగేవి మణికట్టు, భుజానికీ మెడకూ మధ్య ఉండే ఎముక.

చివరి రోజు ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది. అక్కయ్య కొడుకుతో కలిసి రోప్‌వే ఎక్కింది. ఆ వారంలో ఆమె పైకి వెళ్ళడం అదే మొదటిసారి. ఆల్పెట్ దగ్గర అతను హెల్మెట్టు బిగించుకోవడం, బాట మొదట్లో ఆగి ఒకసారి వెనక్కి చూడడం, చెట్ల మధ్యకు మాయమవడం చూసింది. తరువాత వచ్చిన రోప్‌వేలో కిందికి దిగి, బాట ఊరిని చేరే చోట రాతి గోడ మీద మా పక్కన కూర్చుంది. గడియారం చూసుకోలేదని తరువాత చెప్పింది. చూసుకోవడం మేము చూశాము. బురదతో నిండిన ముఖంతో అతను వచ్చి ఆగినప్పుడు, “అమ్మీ, మళ్ళీ వెళ్దామా?” అన్నాడు. వెళ్ళారు. మధ్యాహ్న భోజనం ఒక గంట ఆలస్యమైంది.

ఈ ఏడాది అక్కయ్య మళ్ళీ ఫోను చేసింది. అదే ఇల్లు ఆగస్టు ఆఖరి వారానికి తక్కువ అద్దెకు దొరుకుతున్నదట, తీసుకోమంటారా అని అడిగింది. ఆ వారం రోప్‌వే నడుస్తుందో లేదో ముందు కనుక్కోమని చెప్పాము.