ఎడారి దారిలో ఊరి పేరు



అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళి నాలుగు నెలలుండి వచ్చిన తల్లిదండ్రులు ఇప్పుడు మన పల్లెల్లో కూడా కనబడుతున్నారు. లాస్ ఏంజెలెస్ నుండి లాస్ వేగాస్‌కు కారులో వెళ్ళినవారైతే మొహావీ ఎడారిని గురించి తప్పక చెబుతారు. గంటల తరబడి చెట్టూ చేమా లేని నేల, దూరాన బోడి కొండలు, అప్పుడప్పుడు దారి చెప్పే ఆకుపచ్చ బోర్డు. ఆ బోర్డుల మీద ఏ ఊరి పేరు రాయాలి, ఏ ఊరిని విడిచిపెట్టాలి అన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది గాని, ఎడారిలో అది అంత చిన్నది కాదు. ఈ నెల దానిని గురించి మాట్లాడుకుందాం.

కాలిఫోర్నియాలో 10వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద తూర్పుకు పోతుంటే, పామ్ స్ప్రింగ్స్ దగ్గరలో ఒక బోర్డు ఉంది. దాని మీద ‘ఇండియో’ అని రాసి, ఆ కింద ‘ఇతర ఎడారి పట్టణాలు’ అని రాశారు. ఆ కోచెల్లా లోయలో తొమ్మిది పట్టణాలున్నాయి. ఒకదాని పేరు పెట్టి, మిగిలినవాటిని ‘ఇతర’ అనే మాటలో కలిపేశారు. ఈ మాటలనే పేరుగా పెట్టుకొని 2011లో న్యూయార్కులో ఒక నాటకం కూడా ఆడింది. పెళ్ళి పత్రికలో తన పేరు లేక ‘మరియు బంధుమిత్రులు’ అని చూసుకున్న పెదనాన్నకు ఎలా ఉంటుందో, ఆ ఊళ్ళవాళ్ళకూ అలాగే ఉంటుందేమో!

అయితే బోర్డు రాసేవారి ఇబ్బందీ ఉన్నది. ఆ ఎడారి రోడ్ల మీద గంటకు 70 మైళ్ళు, అంటే సుమారు 112 కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. ఆ వేగంలో బండి ఒక్క సెకనులో 31 మీటర్లు దాటిపోతుంది. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, పేర్లు కొద్దిగా ఉండాలి. అందుచేత ఒక్కొక్క రహదారికి కొన్ని ముఖ్య పట్టణాలను ఏర్పరచి, ఆ పేర్లనే వరుసగా బోర్డులకు ఎక్కిస్తారు. రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం ఈ పట్టణాల జాబితాను ఉంచుతుంది. 15వ నంబరు రహదారి మీద బార్‌స్టో దాటితే పెద్ద బోర్డుకెక్కే పేరు లాస్ వేగాస్. అది దాదాపు 250 కిలోమీటర్ల అవతల ఉంది. మధ్యలో ప్రయాణికుడు పెట్రోలు పోయించుకొని, నీళ్ళు తాగే ఊరు బేకర్. దాని పేరు దూరాలు చెప్పే బోర్డుల మీద వస్తుంది.

బార్‌స్టోలోనే 40వ నంబరు రహదారి మొదలవుతుంది. అక్కడ మరొక విచిత్రమైన బోర్డున్నది. ‘విల్మింగ్టన్, నార్త్ కరోలినా – 2,554 మైళ్ళు’ అని. అంటే 4,100 కిలోమీటర్ల పైచిలుకు, దేశానికి ఆ కొస! ఆ కొసన కూడా బార్‌స్టో ఎంత దూరమో చెప్పే బోర్డు ఉండేది. దాన్ని జనం వేడుక కోసం మాటిమాటికీ దొంగిలించుకు పోతుంటే, ఇక మళ్ళీ పెట్టేది లేదని 2009లో అక్కడి అధికారులు చెప్పేశారు. సరదాకు బాగానే ఉంది గాని, నోరెండిపోయిన బాటసారికి విల్మింగ్టన్ ఎంత దూరమైతే నేమి?

నూరేళ్ళ క్రితం ఆ ఎడారిలో పెట్టిన బోర్డులు ఇలాంటివి కావు. అప్పట్లో గనులు వెదికేవారు, కొత్తగా మోటారు బండ్లెక్కినవారు దారి తెలియక, నీళ్ళు దొరకక అక్కడ ప్రాణాలు పోగొట్టుకునేవారు. ఊట ఉన్నా, అది ఏ కొండ వెనుక ఉన్నదో చెప్పేవారు లేరు. అందుకని 1916లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి, ఎడారి నీటి తావులను వెదికి గుర్తులు పెట్టే పని భూగర్భ పరిశోధన శాఖకు అప్పగించింది. ఆ శాఖవారు కాలిఫోర్నియా, అరిజోనా ఎడారుల్లో తిరిగి, ఊటలను, బావులను, రాతి దొనలను లెక్కకు తెచ్చారు. దారులు కలిసే చోట్ల స్తంభాలు నాటి నీళ్ళు ఎటు ఉన్నాయో, ఎంత దూరమో రాశారు. డేవిడ్ థాంప్సన్ అనే ఆయన మొహావీ ప్రాంతపు నీటి తావుల దారులను పటాలతో సహా పుస్తకంగా రాస్తే, ప్రభుత్వమే 1921లో అచ్చు వేసింది. ఏ ఊరు పెద్దది, ఏ ఊరు చిన్నది అన్న ప్రశ్న ఆ బోర్డులకు లేదు. నీళ్ళున్న చోటే వాటికి ముఖ్య పట్టణం.

ఆ పద్ధతి పూర్తిగా పోయిందనలేము. ‘రాబోయే ఇన్ని మైళ్ళలో ఏ సదుపాయమూ లేదు’ అని చెప్పే బోర్డులు అమెరికా ఎడారి రోడ్ల మీద ఇప్పటికీ ఉన్నాయి. యూటా రాష్ట్రంలో 70వ నంబరు రహదారి మీద నూరు మైళ్ళకు పైగా పెట్రోలు గాని, తిండి గాని దొరకని ముక్క ఒకటున్నది. అక్కడ మొదట్లోనే బోర్డు పెట్టి హెచ్చరిస్తారు. అన్ని బోర్డుల్లోకీ మాకు నచ్చింది ఇదే. ఏమి లేదో ముందుగా చెప్పేవాడు కూడా మేలు చేసేవాడే.

బోర్డెక్కిన ప్రతి పేరునూ నమ్మడానికి వీల్లేదు. బేకర్‌కు కొంచెం ఇవతల ‘జైజిక్స్ రోడ్’ అని ఒక బోర్డు కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో అది జెడ్‌తో మొదలయ్యే వింత మాట. కర్టిస్ స్ప్రింగర్ అనే ఆయన, రేడియోలో సువార్తికుడనని చెప్పుకొంటూ, 1944లో అక్కడి ఊటల దగ్గర ఆరోగ్యధామం కట్టి ఆ పేరు పెట్టాడు. నిఘంటువులో చిట్టచివరి మాట కావాలని కల్పించుకున్నదట. వైద్యం చదువుకోకుండానే మందులమ్మాడు. అబద్ధపు ప్రకటనలకు శిక్షపడింది. భూమి ప్రభుత్వానిది గనుక 1974లో ఖాళీ చేయించారు. ఇప్పుడక్కడ విశ్వవిద్యాలయంవారి ఎడారి పరిశోధనా కేంద్రం ఉంది. మనిషి పోయినా, కల్పించిన పేరు మాత్రం బోర్డు మీద నిలిచింది!

నిజంగా బ్రతికిన ఊళ్ళ సంగతి వేరుగా జరిగింది. పాత 66వ నంబరు రోడ్డు మీద అంబోయ్ అనే ఊరుండేది. చికాగో నుండి లాస్ ఏంజెలెస్‌కు పోయే బండ్లన్నీ అక్కడ ఆగేవి. పెట్రోలు బంకు, హోటలు, బండ్లు బాగుచేసే కొట్టు రాత్రింబవళ్ళు పనిచేసేవి. 1973లో కొత్త 40వ నంబరు రహదారి ఉత్తరంగా మైళ్ళ దూరాన తెరుచుకునేసరికి అంబోయ్ దారి బోసిపోయింది. కొత్త రోడ్డు తిన్నగా, విశాలంగా, ప్రమాదాలు తక్కువయ్యేలా కట్టారు. ప్రయాణికుడికి మేలే. కొట్టు కట్టుకున్నవాడి గతి మాత్రం ఏ పటంలోనూ లేదు. 2005లో ఒక కోడి వంటకాల హోటళ్ళ యజమాని, ఆల్బర్ట్ ఒకురా, ఆ ఊరిని కొన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఆరిపోయి ఉన్న ఆ హోటలు దీపాల బోర్డు 2019లో మళ్ళీ వెలిగింది. ఒకురా 2023లో చనిపోయాడు.

మేము బైపాస్‌లకు వ్యతిరేకులము కాము. క్రేమర్ జంక్షన్ దగ్గర 58, 395 నంబర్ల రోడ్లు కలిసే చోట, సిగ్నలు ముందు లారీలు బారులు తీరి నిలబడేవి. ఆ కూడలికి వెలుపలగా 58వ నంబరు రోడ్డును నాలుగు వరుసలతో కట్టి, 2020 నాటికి బండ్లను వదిలారు. ఎదురెదురుగా బండ్లు వచ్చే రెండు వరుసల రోడ్డు మీద, ముందున్న లారీని దాటబోయి ఎన్ని కుటుంబాలు నష్టపోతాయో మన పల్లె పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మాకున్న ప్రశ్న, ఏ పని ముందు, ఏది వెనుక అని. నెవాడా సరిహద్దు దగ్గర ఆదివారాలు లాస్ వేగాస్ నుండి తిరిగివచ్చే కార్లు మైళ్ళ పొడవున నిలిచిపోతున్నాయని, 2021 డిసెంబరులో ఇద్దరు గవర్నర్లు కలిసి నిలబడి ప్రకటన చేశారు. రోడ్డు పక్క అంచునే మరొక వరుసగా మార్చి, 2022లో అయిదు మైళ్ళ మేర తెరిచేశారు. పని అంత త్వరగా చేయవచ్చునని దానివల్ల తెలిసింది.

వాగుల సంగతి అలా కాదు. ఏడాది పొడుగునా ఎండి ఉండే వంక, కొండల్లో ఒక్క గంట వాన పడితే ఎలా పొంగుతుందో రాయలసీమవారికి తెలుసు. 2015 జూలై 19న డెసర్ట్ సెంటర్ దగ్గర అలాంటి వంక ఒకటి పొంగి 10వ నంబరు రహదారి వంతెనను పడగొట్టింది. ఒక పికప్ బండి అందులో పడి, నడిపేవాడు గాయపడ్డాడు. రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. పెద్ద రహదారి గనుక అయిదు రోజుల్లో, రెండో వంతెన మీదుగా ఇరువైపుల బండ్లనూ నడిపించారు. పాత 66వ నంబరు రోడ్డు మీద 1930లలో కట్టిన కర్ర వంతెనలు వందకు పైగా ఉన్నాయి. 2014లోనూ, 2017లోనూ వరదలు వాటిని దెబ్బతీశాయి. అవి బాగుచేసుకోవలసింది శాన్ బెర్నార్డినో కౌంటీవారు. అంబోయ్‌కి తూర్పున ఆ రోడ్డును అడ్డుకట్టలతో ఏళ్ళ తరబడి మూసి ఉంచారు.